సహాయార్థ ప్రదర్శనలు – రాజకీయ ముచ్చట్లు

బళ్ళారిలో నాటకమునకును విరాళమునకును పాత చుట్టరికము కలదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) వకీలు. కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) వకీలు. బళ్ళారి రాఘవ (1880–1946) కూడ వకీలే. పగలు కోర్టులో వాదించి రాత్రి రంగమెక్కిన పెద్దమనుషులు వీరు. నాటకముమీద వచ్చిన డబ్బుతో ఇల్లు గడుపుకొనవలసిన అగత్యము వీరికి లేదు. ధర్మవరమువారి సరసవినోదినీ సభ గాని, కోలాచలమువారి సుమనోరమ సభ గాని పొట్టకూటికై వెలసిన సమాజములు కావు. అట్టిచోట టిక్కెట్ల సొమ్ము ఏ సత్కార్యమునకు పోవలెనను ఆలోచన పుట్టుట సహజము. రాఘవ తన నటనను ధర్మకార్యములకు ధారపోసినవాడని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

రాజకీయము కూడ ఆ నాటకములకు దూరపు వస్తువు కాదు. కోలాచలమువారి 'రామరాజు చరిత్ర' విజయనగర పతనమును గూర్చినది. హంపి శిథిలములకు కూతవేటు దూరముననున్న ఊరిలో, పరప్రభుత్వపు రోజులలో, ఒక సామ్రాజ్యము ఎట్లు కూలినదో రంగముమీద చూపుట వట్టి వినోదమని ఎవరు అనగలరు? నాటకములనిన దొరతనమువారికి భయముండబట్టియే 1876లో నాటక ప్రదర్శనల చట్టము పుట్టినది. కనుక కళ వేరు, రాజకీయము వేరు అని గిరి గీసి మాటలాడుట మా ఊరి చరిత్ర తెలిసినవారికి తగదు. ఈ వ్యాసమున మేము చెప్పబోవునది ఆ మాట కాదు. ముచ్చట ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సొమ్ముతో, ఎవరి కాలమును హరించి సాగుచున్నది అనునదే మా విచారము.

గడచిన చలికాలమున మా ఊరిలో ఒక సహాయార్థ ప్రదర్శన జరిగెను. నిర్వాహకుల పేర్లతో మాకు పని లేదు. ఇట్టి ప్రదర్శనలు బరంపురమున జరిగినను, హోసూరున జరిగినను, షోలాపురమున జరిగినను ఇంచుమించుగా ఇట్లే జరుగునని చదువరులకు తెలియును. వార్ధక్యమున ఆదరువు లేని పద్యనాటక కళాకారులకు ఒక నిధి సమకూర్చుట ఉద్దేశము. మంచి ఉద్దేశము. పద్యము పాడి పాడి గొంతు పోయినవాడు, హార్మోనియము తిత్తులు ఊది ఊది వేళ్ళు వంకరపోయినవాడు, దశాబ్దములపాటు ఇతరుల ముఖములకు రంగు పూసిన మేకప్పు మనిషి – వీరికి పింఛను ఇచ్చు కార్యాలయము సులభముగా దొరకదు. ప్రదర్శించినది తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయము'ల నుండి శ్రీకృష్ణ రాయబారము.

మేము జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవారము. గడియారము చూచుట మా దుర్వ్యసనము. అచ్చువేసిన కార్యక్రమము ప్రకారము 6 గంటలకు జ్యోతి ప్రజ్వలనము, 6-15కు స్వాగతము, 6-30కు నాటకము. ముఖ్య అతిథి 6-50కి వచ్చిరి. అంతవరకు మైకులో 'మరి కొద్ది నిమిషములలో' అను మాట ఏడుసార్లు వినబడెను. తరువాత పదునొకరు మాటలాడిరి. ఒక్కొక్కరు 'నేను ఎక్కువ సమయము తీసుకొనను' అనియే మొదలుపెట్టిరి. శాలువలు, జ్ఞాపికలు, పూలదండలు, ఛాయాచిత్రములు. తెర లేచునప్పటికి 8-35 అయినది. నాటకశాల 10 గంటలవరకే అద్దెకు దొరికినది. అనగా మూడు గంటల నాటకమును ఎనుబదియైదు నిమిషములకు కుదించవలసివచ్చెను.

ఎక్కడ కోసిరో చూడుడు. పడక సీను ఉంచిరి. అది లేనిదే జనము ఊరుకొనరు. కౌరవసభలో రాయబారము ఉంచిరి. అది లేనిదే నాటకమునకు పేరే లేదు. మధ్యనున్న భాగము, కృష్ణుడు హస్తినకు బయలుదేరకముందు పాండవులు తమ తమ అభిప్రాయములు చెప్పు ఘట్టము, పూర్తిగా పోయెను. భారతము చదివినవారు ఆ ఘట్టపు విలువ ఎరుగుదురు. ధర్మరాజు సంధి కోరును. అందరికంటె ముందు గద ఎత్తవలసిన భీముడు ఆశ్చర్యముగా మెత్తబడి శాంతి మాటలాడును. చిన్నవాడైన సహదేవుడు యుద్ధమే కావలెననును. ద్రౌపది తన విడిన కురులు చూపును. ఒకే ఇంటివారు ఒకే అవమానము పొంది కూడ ఇన్ని తీరుల ఆలోచింతురని చూపు రాజనీతి అంతయు అందే కలదు. పదునొక ఉపన్యాసములకు చోటిచ్చుటకు దానిని కోసివేసిరి. వేదికమీద ఉండవలసిన రాజకీయము తెగిపోయి, కుర్చీల వరుసలలో ఉండకూడని రాజకీయము మిగిలెను.

ఇక ఆ ముచ్చట్ల సంగతి. వరండాలో బల్లలు వేసి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, కాఫీ పెట్టిరి. అక్కడి మాటలను మేము తప్పుపట్టము. నిజము చెప్పవలెనన్న ఆ సాయంకాలమునకు ప్రాణము అక్కడనే ఉండెను. "ఏమప్పా, ఈ తూరి టిక్కెట్టు ఎవరికంట?" అని ఒకరు అడిగిరి. "ఇంకెవరికన్నా, ఆయప్ప అల్లునికే!" అని ఇంకొకరు నవ్విరి. గేటు దగ్గర నూరు రూపాయల టిక్కెట్టు పుస్తకములు సగము చిరుగకయే పడియుండగా, లోపల మరియొక టిక్కెట్టును గూర్చి ఇంత ఆసక్తి! అయినను వరండాలో అది తగును.

మావంటివారికి అట్టి చోటు మరొకటి లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయెను. బళ్ళారి తాలూకా మిశ్రా కమిషను పరిశీలన పిమ్మట మైసూరున నిలిచెను. అన్నదమ్ములు అటు ఇటు అయిరి. పెండ్లి సంబంధము అనంతపురమున, ఓటు బళ్ళారిలో. పొలము ఆలూరున, రేషను కార్డు ఇచట. అందుచేత మా వరండాలో రెండు రాష్ట్రముల ఎన్నికలు ఒకేసారి జరుగును. విజయవాడలో ప్రభుత్వము మారునా అని అడిగిన నోటితోనే బెంగళూరులో ఎవరు దిగుదురని అడుగుదురు. వాదము తెలుగున మొదలై కోపము వచ్చునప్పటికి కన్నడమున పడును, నవ్వు వచ్చునప్పటికి మరల తెలుగునకు తిరుగును. ఇందులో వింతయేమియు లేదు. ప్రక్క కుర్చీలోని కన్నడిగ మిత్రునకు రాయబార పద్యములు మాకంటె ఎక్కువ కంఠస్థములు.

ఆ మాటలలో వ్యర్థప్రసంగమేకాక విలువైనదియు కలదు. మాతృభాషలో ప్రాథమిక విద్య కల్పింపవలెనని రాజ్యాంగమున 350-ఎ అధికరణము 1956లో చేరెను. అది కాగితముమీద నున్నది. బడిలో తెలుగు పంతులు ఉన్నాడా లేడా అనునది వరండాలోనే తెలియును. తమిళనాట 2006లో తమిళమును తప్పనిసరి చేయుచు చట్టము వచ్చెను. అచటి తెలుగు పిల్లలు పదవ తరగతికి వచ్చునప్పటికి మినహాయింపు కోరుచు న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. కర్ణాటకమున 2015లో కన్నడ భాషాభ్యాస చట్టము వచ్చెను. రాజ్యభాష నేర్వవలసినదే, ఇచట పుట్టి, ఇచటి నీరు త్రాగి, నేర్వమనుట అన్యాయము. కాని దానితోబాటు తెలుగు కూడ రెండక్షరములు నేర్పుటకు ఏ బడిలో గంట కేటాయింపబడును, ఎందరు పిల్లలు చేరినచో పంతులును ఇత్తురు, అర్జీ ఎవరికి పెట్టవలెను – ఇవి రాజకీయములు కావా? ఒక తల్లి ఈ ప్రశ్నలే కాఫీ కప్పు చేతబట్టుకొని ఒక పురపాలక సభ్యుని అడిగెను. ఆమెకు సమాధానము చెప్పుచుండగా ఫోటో తీయవలెనని ఆయనను వేదికమీదికి లాగుకొనిపోయిరి. ఆ సాయంకాలమున జరిగిన ఒకే ఒక పనికివచ్చు రాజకీయ సంభాషణ అట్లు ఆగిపోయెను.

అందుచేతనే 'ఇచట రాజకీయములు మాటలాడరాదు' అని బోర్డు కట్టు నిర్వాహకులతో మేము ఏకీభవింపము. ఆ బోర్డు క్రిందనే ముఖ్య అతిథిగా రాజకీయ నాయకుడు కూర్చుండును. సామాన్యుడు మాత్రము నోరు మూసికొనవలెను. ఇది సభామర్యాద కాదు, మొగమాటము. తెలుగు నాటకమే రాజకీయము మాటలాడినది గదా! 1947లో సుంకర, వాసిరెడ్డి వ్రాసిన 'మా భూమి' నాటకమును ప్రజానాట్యమండలి ఊరూర ఆడి నిషేధమునకు గురియైనది. నిన్న మొన్నటి మాట: 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'చింతామణి' నాటక ప్రదర్శనను నిషేధించెను. సుబ్బిశెట్టి పాత్రవలన తమ కులమునకు అవమానము కలుగుచున్నదని ఆర్యవైశ్యులు చేసిన అభ్యంతరము దానికి మూలము. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వమును ఖండించుటకు వ్రాసిన నాటకము. ఆడువారు ఆడి ఆడి ఆ పాత్రను బూతు హాస్యమునకు దిగజార్చిరి. నిషేధింపవలసినది నాటకమునా, ఆ కల్పిత హాస్యమునా? ఈ ప్రశ్నమీద వరండాలో ఒక గంట వాదము జరిగినను మేము సంతోషింతుము. ఆనాడు ఎవరును ఆ మాట ఎత్తలేదు; టిక్కెట్టు ఎవరికను మాటయే సాగెను.

తెర లేచిన పిమ్మట జరిగినది వేరు. వరండాలోని ముచ్చట లోపలికి వచ్చెను. అదియు వెనుక వరుసలకు రాలేదు; అచట చవుక టిక్కెట్టు కొన్నవారు, పల్లెలనుండి బస్సులో వచ్చినవారు నిశ్శబ్దముగా కూర్చుండిరి. ముందు వరుసలలో, ఉచితముగా పిలువబడిన పెద్దల సోఫాలమీద, అది కాపురము పెట్టెను. సెల్‌ఫోనులు మ్రోగెను. ఒక పెద్దమనిషి వేదికకు వీపు పెట్టి వెనుకవారితో మండల లెక్కలు వేయుచుండెను. రంగముమీద కృష్ణుడు ఐదూళ్ళైనను ఇమ్మని అడుగుచుండగా, ఆయన ఐదు వార్డులలో ఎవరిని నిలుపవలెనో తేల్చుచుండెను.

దీనివలన కలుగు నష్టము చెవికి కలుగు చిరాకు మాత్రమే కాదు. నటన చెడును, ఇది మేము ఆ రాత్రి కన్నులార చూచితిమి. కృష్ణపాత్రధారి మంచి గాత్రము కలవాడు. మొదటి ప్రవేశమున ఆయన వచనమును చక్కగా, నవ్వు మాటున ఎత్తిపొడుపు దాచి చెప్పుచుండెను. ముందు వరుస గలగలలు పెరుగగానే ఆయన ముఖము మారెను. వచనము తగ్గించెను. పద్యమును పై స్థాయికి ఎత్తెను. రాగము సాగదీసెను. హార్మోనిస్టు వెంటనే గ్రహించి తిత్తులు గట్టిగా త్రొక్కెను. రాగము పొడుగగుకొలది సోఫాలవారు తిరిగి చూచిరి. 'వన్స్‌మోర్' అని కేకలు వేసిరి. పద్యము రెండవమారు వచ్చెను. అది ముగిసినంతనే మరల ముచ్చట మొదలయ్యెను. అనగా శ్రోతల అశ్రద్ధయే నటుని అరుపు నేర్పుచున్నది. పద్యనాటకమున మాట చచ్చి రాగము మిగిలినదని వాపోవు విమర్శకులు నటులను నిందింతురు. వారు ఒకమారు ముందు వరుసవైపు చూడవలెను. రాఘవ ఈ రాగముల సాగదీతను ఒప్పుకొనలేదు. పాత్ర మనస్సును మాటలో, చూపులో చూపవలెనని పట్టుబట్టిన నటుడాయన. గాంధీ మహాత్ముడు ఆయన హిందీ నాటకము 'దీనబంధు కబీరు' చూచెనని ప్రసిద్ధి. చూచువారు అట్టివారైనప్పుడు నటుడు గొంతు తగ్గించి మాటలాడగలడు. సోఫామీద వార్డుల లెక్క నడుచునప్పుడు రాఘవయే వచ్చినను ఏమి చేయగలడు?

ఆ రాత్రి నటులలో మాకు నచ్చినవాడు కర్ణపాత్రధారి. వేషము చిన్నది, పద్యములు తక్కువ. ఎవరు విన్నను వినకున్నను తన మాట తాను చెప్పెను, గొంతు ఎత్తలేదు. ఆయనకు చప్పట్లు రాలేదు. దుర్యోధనుడు మీసము మెలివేయుటలోనే ఎక్కువ కాలము గడిపెను; అయినను తొందరలో ఆయన పద్యములు కూడ మూడు పోయెననిరి, కాబట్టి ఇంతకంటె అనము.

సొమ్ము సంగతి కూడ చెప్పవలెను. ప్రదర్శన దానికొరకే గదా. నిర్వాహకులను మేము ఈ విషయమున నిలదీయలేదు గాని, ఒకరు తామే చెప్పిరి: "అన్నా, లీడరు రాకపోతే షావుకారు రాడు. షావుకారు రాకపోతే సావనీరులో పేజీ ప్రకటన రాదు. మేమేం చేయల్ల?" ఈ మాటలో నిజము కలదు. ఇట్టి సంచికలన్నియు ప్రకటనలమీదనే బ్రదుకును. చదువరులు ఇప్పుడు చేతబట్టుకొన్న సంచిక కూడ అంతే. బియ్యపు మిల్లు, జీన్సు ప్యాంట్ల కార్ఖానా, బంగారు అంగడి లేనిదే మా వ్యాసములకు కాగితము లేదు. షావుకారునకు కళమీద ఉన్న ప్రేమను మేము శంకింపము. కాని ఆయన ఇచ్చునది కళకా, నాయకుని కంటబడుటకా అనునది వేదికమీద విరాళములు ప్రకటించునప్పుడు తెలియును. ముఖ్య అతిథి ఉండగా ప్రకటించిన మొత్తములు పెద్దవి. ఆయన లేచి వెళ్ళిన పిమ్మట ప్రకటించినవారు ఒక్కరును లేరు.

లెక్కల పనిచేసినవారికి ఒక సూత్రము తెలియును: వాగ్దానము జమ కాదు. రశీదు చీలినప్పుడే జమ. వినోదపు పన్ను ఉన్న దినములలో ధర్మార్థ ప్రదర్శనకు పన్ను మినహాయింపు కోరుచు అర్జీ పెట్టుకొనెడివారు. మినహాయింపు కావలెనన్న వసూలెంత, ఖర్చెంత, మిగిలినది ఎవరికి ముట్టినది అని చూపవలసివచ్చెడిది. నాటకములవారు ఆ కాగితములను తిట్టుకొనెడివారు. కాని ఆ భయమువలన ఏదో ఒక లెక్క పుట్టెడిది. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. ఆ రాష్ట్రపు పన్నును తనలో కలుపుకొనెను. అదే సంవత్సరము ఆదాయపు పన్ను మినహాయింపునకు పనికివచ్చు నగదు విరాళపు హద్దును 10,000 రూపాయల నుండి 2,000కు తగ్గించిరి. పెద్ద మొత్తము ఇచ్చువాడు చెక్కుగా ఇచ్చుట మేలాయెను, అది మంచిదే. ఐనను శాలువలకు, పూలకు, భోజనములకు, కారులకు పోగా కళాకారుని చేతికి ఎంత పోయినదని అడుగు అధికారి ఇప్పుడు గేటు దగ్గర నిలువడు. అడుగవలసినవారు సభ్యులే.

ఇచట పాఠకులకు 1977 జ్ఞాపకము రాకమానదు. నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధులలో తిరిగి బాధితులకొరకు విరాళములు సేకరించిరి. అచట వేదిక లేదు, శాలువ లేదు, ముఖ్య అతిథి లేడు. జోలె పట్టినవాడే కళాకారుడు. ఇచ్చినవాడు రిక్షావాడును కావచ్చును. తరువాత 1982 మార్చి 29న రామారావుగారు పార్టీ పెట్టిరి. ఆ వీధుల పరిచయము అందులకు తోడ్పడెనా అని వాదించుకొనవచ్చును. మా వరండాలో ఇప్పటికిని వాదించుకొందురు. అది వారి ఇష్టము. మేము చూచునది ఒక్కటే: అచట కళ రాజకీయమును తెచ్చెను; ఇచట రాజకీయము కళను తోసి కూర్చుండెను.

ఇక ఏమి చేయవలెను? నాయకులను పిలువవద్దనుట మా అభిప్రాయము కాదు. నాటకశాల అద్దె తగ్గింపునకు, పోలీసు అనుమతికి, పురపాలకపు దీపములకు వారి మాట కావలెను. ఈ సంగతి తెలియని ఆదర్శవాదులు ఒకమారు కార్యదర్శిగా పనిచేసి చూడవలెను. నాటకమును 6-30కు మొదలుపెట్టి, నడిమి విరామమున ఇరువది నిమిషములు సత్కారములకు ఇచ్చినచో చాలును. నాయకుడు ఆలస్యముగా వచ్చినచో ప్రక్క ద్వారమున వచ్చి కూర్చుండును; ఆయనకొరకు తెర దించవద్దు. నిజముగా పని ఉన్న నాయకునకు ఇది సంతోషమే, గంటన్నర శాలువల ఊరేగింపు ఆయనకును శిక్షయే. ముందు వరుస సోఫాలలో సగము పూర్వపు కళాకారులకు ఈయవలెను. వారు కూర్చున్నచోట ముచ్చట పెట్టుటకు ఎంతటి పెద్దమనిషియైనను జంకును. వరండాలో బల్లలు రాత్రి చివరివరకు ఉంచవలెను; మాటలాడదలచినవారు బయటికి వచ్చి, బజ్జీ తినుచు, కోరినంత మాటలాడవచ్చును. బడిలో తెలుగు పంతులును గూర్చి అడుగు తల్లులకొరకు అచట ఒక కుర్చీయు, పురపాలక సభ్యునకు ఇంకొక కుర్చీయు వేసి, ఫోటోగ్రాఫరును మాత్రము లోపల ఉంచినచో మేలు.

ఆనాడు 10 గంటలకు నాటకశాలవాడు దీపములు ఒక్కొక్కటే ఆర్పుచుండగా కృష్ణుడు విశ్వరూపము చూపవలసివచ్చెను. ఆ తొందరలో సభలోని కౌరవులు మూర్ఛపోవుటకు కూడ వ్యవధి చాలలేదు. బయట హార్మోనిస్టునకు ఒక కవరు ఇచ్చిరి. ఆయన దానిని విప్పి చూడలేదు. గుంతకల్లు బండికి వేళయైనదని పెట్టె భుజముమీద పెట్టుకొని వెళ్ళిపోయెను. నిధి లెక్క ఈ వ్యాసము వ్రాయునాటికి సభ్యులకు అందలేదు. వేదికమీద ప్రకటించిన మొత్తములెన్ని, వానిలో చేరినవెన్ని అను పట్టీ ఒకటి తయారుచేసి, రానున్న ప్రదర్శననాడు వరండాలో, ఉగ్గాని బల్లకు పైన, గోడకు అంటింపవలెనని మేము కార్యవర్గమునకు అర్జీ పెట్టుకొంటిమి. అచట చదువువారికి కొదవ లేదు.